మండువా ఇళ్ళను కాపాడుకోలేమా?

అమలాపురం: గోదావరి డెల్టా గ్రామాలలో పాత మండువా ఇళ్ళు ఒకటొకటిగా నేలమట్టమవుతున్నాయి. నూరేళ్ళకు పైగా ఊరి నడుమ నిలిచిన ఇంటిని విప్పడానికి పట్టుమని పది రోజులు కూడా పట్టడం లేదు. మొదట పెంకు దించుతారు. తరువాత వాసాలు, దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు ఊడదీస్తారు. వాటిని బేరమాడుకున్న పాత కలప వ్యాపారి లారీకెక్కించుకుని పోతాడు. ఇక మిగిలేవి గోడలు. వాటిని కొనేవాడు లేడు. యంత్రంతో నెట్టించి, ఆ ఇటుకను ట్రాక్టర్ల మీద పల్లపు స్థలాల పూడికకు, డొంకల్లో గోతులు కప్పడానికి తోలేస్తారు.

ఇందులో ఒక వింత గలదు. అందరి కన్నూ కలప మీదనే. చెక్కడపు గుమ్మానికి పోటీలు పడి ధర కడతారు. ఆ గుమ్మాన్నీ, ఆ దూలాన్నీ ఇంతకాలం ఎత్తి పట్టుకున్న ఇటుక గోడకు మాత్రం పూడిక మట్టికిచ్చే విలువ కూడా ఇవ్వడం లేదు. ఇల్లుగలవారికి ఆ గోడ సంగతి తెలియక, తెలిసిన మేస్త్రీలు కనుమరుగై, చెప్పవలసిన అధికారులు చెప్పక, చేజేతులా పోగొట్టుకుంటున్న ఆస్తి ఇది.

రాయి లేని సీమలో ఇటుకే రాయి

డెల్టాలో ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టే తప్ప బండ తగలదు. కొండలున్న చోట రాతి కోటలు, రాతి ఇళ్ళు వెలిస్తే గోదావరి పాయల నడుమ మట్టినే కాల్చి రాయిగా చేసుకున్నారు. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. మామిడికుదురు మండలం ఆదుర్రులో ఉన్న బౌద్ధ స్తూపం ఇటుక కట్టడమే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ దిబ్బను చూసినవారికి, కోనసీమ మట్టి ఎన్ని శతాబ్దాల కిందటే ఆవంలోకి వెళ్ళిందో బోధపడుతుంది.

అయితే సామాన్య రైతు ఇటుక ఇల్లు కట్టగలగడం చాలా తరువాతి మాట. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయినది. కాటన్ దొర ఆనకట్టకు ధవళేశ్వరం కొండ రాయి దొరికింది గాని, ఆ నీరు పారిన ఊళ్ళకు రాయి రాలేదు. కాలువలు వచ్చాయి, వరి పంట నిలకడ పొందింది, చేతిలో నాలుగు రూకలు మిగిలాయి. పూరిల్లు తీసి పెంకుటిల్లు, దాని తరువాత మండువా లోగిలి. కాలువ నీటిలో పుట్టిన ఇళ్ళివి అనడం అతిశయోక్తి కాదు. ఆ కాలువల మీదనే పడవల్లో సామాను చేరేది. ఎగువ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా దిగేది. రంగూన్‌తో రాకపోకలున్న రోజుల్లో బర్మా టేకు ఓడల మీద కాకినాడ రేవుకు వచ్చేది. ఈనాటికీ ముసలివాళ్ళు ఒక స్తంభాన్ని తట్టి చూసి, ఇది బర్మాదా మన్యానిదా అని చెప్పగలరు.

ఇటుక మాత్రం ఎక్కడి నుంచో వచ్చినది కాదు. ఏ ఊరి ఇంటికి ఆ ఊరి మట్టే. చాలా చోట్ల ఇంటి కోసం మట్టి తీసిన గొయ్యే తరువాత చెరువైంది.

ఇంటి కట్టుబడి

మండువా ఇంటి గురించి కోనసీమ వారికి ఒకరు చెప్పనవసరం లేదనుకుంటాము. కానీ ఈనాడు ముప్పై ఏళ్ళ లోపు వారిలో అటువంటి ఇంట్లో పుట్టి పెరిగినవారు ఎందరు? కాబట్టి చెప్పుకోవలసిందే.

వీధిలో ముందు అరుగు. బాటసారి కూర్చునేది, పంచాయతీ తెగేది, పిల్లలు ఓనమాలు దిద్దేది అక్కడే. అరుగు దాటితే సింహద్వారం, దాని వెనుక నడవ. నడవ దాటగానే నెత్తిన ఆకాశం కనబడుతుంది. అదే మండువా. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి ఉంటుంది. ఆ వాలు కింద చుట్టూ వసారా, వసారాను మోసే స్తంభాలు, వాటి వెనుక గదులు. పడమటింట్లో పెట్టెలూ పందిరి మంచమూ, ఒక మూల దేవతార్చన, పెరటి వైపు వంటిల్లు, దాని పక్క ధాన్యం కొట్టు, పైన అటక. వాన పడితే నాలుగు చూరుల నీరూ నడుమనున్న పల్లంలో పడి తూము గుండా బయటికి పోతుంది. ఉప్పు నీటి బావులున్న ఊళ్ళలో చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీటినే పట్టుకునేవారు. ఇప్పుడు ప్రభుత్వం వాన నీటిని పట్టుకోండని గోడల మీద రాయిస్తున్నది.

ఈ మండువా అలంకారానికి పెట్టినది కాదు. వేసవిలో ఇంట్లోని వేడిగాలి ఆ నడిమి సందులోంచి పైకి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి వీధి గుమ్మం నుంచి, పెరటి గుమ్మం నుంచి చల్లగాలి లోనికి వస్తుంది. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం పెట్టడంలో కిటుకు ఇదే. దీనికి తోడు గోడ మందం. మూరెడు నుంచి రెండడుగుల దాకా ఉన్న ఇటుక గోడ పగటి ఎండను తనలో ఇముడ్చుకుంటుంది. ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి చీకటి పడుతుంది. అప్పటికి మనుషులు మండువాలో నులక మంచాలు వాల్చుకుని ఉంటారు. రోహిణి కార్తెలో శ్లాబు ఇంట్లో పంకా కింద ఉడికిపోతున్నవారు, పక్కనున్న పాత ఇంటి వసారాలోకి వెళ్ళి నడుం వాల్చడం ఏ ఊళ్ళోనైనా చూడవచ్చును.

గోడలోని పనితనం పైకి కనబడదు. పాత ఇటుక ఇప్పటి బట్టీ ఇటుక కంటె పలచన. పలచని ఇటుక లోపలి దాకా సమంగా కాలుతుంది. గుమ్మాల పైన, గూళ్ళ పైన ఇటుకలను నిలువుగా పేర్చి కమాను తిప్పేవారు. ఇనుము లేదు, సిమెంటు లేదు. మన దేశంలో సిమెంటు తయారీ 1904లో మద్రాసులో మొదలైనా 1914లో పోర్‌బందరులో గాని నిలదొక్కుకోలేదు. అంతకు ముందు కట్టిన ఇల్లేదైనా సున్నం మీదనో, అడుసు మీదనో నిలబడవలసిందే. చాలా ఇళ్ళలో గోడ లోపల అడుసు, పైన సున్నం. ఖర్చు తెలిసిన గృహస్థు చేసిన పని అది, తప్పు పట్టవలసినది లేదు.

గానుగ తిరిగిన రోజులు

కోస్తా ఊళ్ళలో సున్నం అంటే గుల్ల సున్నం. సముద్రపు గుల్లలను, నత్తగుల్లలను బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి విరిచి, గోతిలో పోసి నాననిచ్చేవారు. ఎంత నానితే అంత మెత్తన. తరువాత గానుగ. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దానికి కట్టిన ఎద్దులు. సున్నం, ఇసుక, కొన్ని చోట్ల ఇటుక పొడి కలిపి, వెన్నలా చేతికి అంటే దాకా తోలేవారు. అదే డంగు సున్నం. నునుపు పూతకు బెల్లపు నీరు, కరక్కాయ నీరు, కొందరు కోడిగుడ్డు సొన కూడా కలిపేవారు. ఆరిన తరువాత గవ్వతోనో, నున్నని రాతితోనో రుద్దితే గోడలో ముఖం కనబడేది.

సున్నం గట్టిపడే తీరు వేరు. సిమెంటు నీటితో కలిసి కొద్ది గంటలలో బిగుస్తుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. అందుకే పాత మేస్త్రీ తొందరపడడు. ఒక వరుస కట్టి ఆరనిచ్చి రెండో వరుస మొదలుపెడతాడు. ఏడాదికి గోడలు, మరుసటి ఏడాదికి కప్పు. మూడేళ్ళు పట్టిన ఇళ్ళున్నాయని పెద్దలు చెబుతారు. మూడు నెలల్లో గృహప్రవేశం కావాలనే ఈ రోజుల్లో ఆ మాట వింటే నవ్వు వస్తుంది.

ఎవరు కట్టారని అడిగితే ఇంటి యజమాని తాతగారి పేరు చెబుతారు. ఇటుక కోసినవాడి పేరు, గానుగ తోలినవాడి పేరు, కమాను తిప్పిన తాపీ మేస్త్రీ పేరు, గుమ్మం మీద చిలకలు చెక్కిన వడ్రంగి పేరు ఏ పలకం మీదా లేవు. వారి గుర్తుగా ఉన్నది ఆ గోడ ఒక్కటే. అది కూడా పూడికకు పోతున్నది.

మంచి చేయబోయి

ఇళ్ళను కూల్చేవారి మాట అలా ఉంచి, నిలుపుకోవాలనే సదుద్దేశంతోనే ఇంటిని చంపుకుంటున్నవారి సంగతి చూడాలి. అసలు ముప్పు ఇక్కడే ఉన్నది.

డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఆ నీటిలో ఉప్పు. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఇటుక గోడ నేలలోని చెమ్మను పైకి పీల్చుకుంటుంది. సున్నపు పూత ఉన్న గోడకు ఇది పెద్ద బాధ కాదు. పీల్చుకున్న చెమ్మ పూతలోంచి గాలికి ఆరిపోతుంది. ఉప్పు పూత మీదనే పేరుకుని, పూతనే రాలుస్తుంది. కొన్నేళ్ళకోసారి కింది మూరెడు పూత గోకి మళ్ళీ పూస్తే సరి. ఇంటి కోసం తాను అరిగిపోవడానికే సున్నపు పూత ఉన్నది.

ఇప్పుడు ఏమి జరుగుతున్నది? పూత రాలగానే, “ఇంకా ఈ సున్నమేమిటి, గట్టిగా సిమెంటు కొట్టించేద్దాం” అంటారు. పండుగకు వచ్చిన కొడుకు డబ్బిచ్చి వెళతాడు. కింది నుంచి నాలుగడుగుల ఎత్తు సిమెంటు పూస్తారు. పైన రంగు వేస్తారు. ఒకటి రెండేళ్ళు బ్రహ్మాండంగా ఉంటుంది. లోపలి చెమ్మకు మాత్రం బయటికి దారి మూసుకుపోయింది. అది సిమెంటు దాకా వచ్చి, ఆగి, ఇంకా పైకి ఎక్కుతుంది. సిమెంటు పూసిన చోటికి పైన కొత్తగా మచ్చలు కనబడతాయి. అక్కడి దాకా మళ్ళీ సిమెంటు. లోపల ఉప్పు గడ్డకట్టి ఇటుకనే పగలగొడుతుంది. ఒకనాడు పూత పెచ్చు ఊడి పడితే, దాని వెనుక ఇటుక ఉండవలసిన చోట ఎర్రటి పొడి ఉంటుంది. “చూశారా, పాత ఇటుక, గుల్లబారిపోయింది” అని ఇటుక మీద నేరం మోపుతారు. చెమ్మ దూలాల కొనలకు చేరిందంటే అక్కడ చెద మొదలవుతుంది. ఇక కూల్చక తప్పదని ఎవరో ఇంజనీరు చేత అనిపించుకుంటారు.

సిమెంటు చెడ్డదని దీని అర్థం కాదు. సిమెంటు ఇంటికి సిమెంటు మందు. సున్నపు ఇంటికి సున్నమే మందు. ఒకరి మాత్ర మరొకరికి మింగిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతున్నది. నేల మీద పలకరాళ్ళు పరిపించడం కూడా ఇటువంటిదే. మండువా పల్లాన్ని పూడ్చి, పైన రేకు కప్పి, హాలు చేసుకున్న ఇళ్ళున్నాయి. గాలి ఆగిపోయింది, వెలుతురు పోయింది, వాన నీరు గోడ పక్కకు మళ్ళింది. ఆ పైన ఇల్లు చెమ్మగా ఉంటోందని గొణుగుడు.

రాజమండ్రి ఇల్లు చెప్పే సంగతి

పాత ఇంటికి విలువ ఏమిటి అనే ప్రశ్నకు జవాబు కావాలంటే రాజమహేంద్రవరం వెళ్ళి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడాలి. రాష్ట్ర పురావస్తు శాఖ దానిని రక్షించి ఉంచినది. పెద్ద మేడ కాదు, జమీందారీ దర్జా లేదు. పాత పట్టణపు ఇరుకు వీధిలో ఉన్న ఇల్లు అది. 1848లో పుట్టిన ఆ మనిషి 1881 డిసెంబరు 11న తన ఇంట్లో ఒక బాలవితంతువుకు మళ్ళీ పెళ్ళి చేశాడు. తెలుగునాట అటువంటి పెళ్ళిళ్ళలో మొదటిది అదే. వితంతు వివాహం చెల్లుతుందని 1856లోనే చట్టమైనా, పాతికేళ్ళ పాటు ఇక్కడ ఏ ఇంటి గడపా దానికి తెరుచుకోలేదు. పెళ్ళికి వెళ్ళినవారిని వెలివేశారు. వంటవాళ్ళు రాకపోతే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గరిట పట్టుకున్నారు. ఈ కథ పుస్తకాల్లో చదివినది వేరు, ఆ గోడల నడుమ నిలబడి తలుచుకున్నది వేరు. అంత గొడవకు ఇంత చోటా అనిపిస్తుంది.

ఆ ఇల్లు నిలిచినది పంతులుగారి పేరు వలన. విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ఇల్లు నిలిచినదీ అలాగే. పేరున్న మనిషి ఇల్లయితే ప్రభుత్వానికి కనబడుతుంది. మంచిదే. మరి పేరు లేని ఇళ్ళ మాటేమిటి?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఈ మండువా ఇళ్ళను తలుచుకుని కన్నీరు పెట్టుకునేవారందరూ ఆ ఇళ్ళలో సుఖపడినవారే. ఆ అరుగు మీద కూర్చోగలిగినవారు ఊళ్ళో కొందరే. గడప దాటగలిగినవారు ఇంకా తక్కువ. ఇటుక మోసినవాడు ఇల్లు పూర్తయ్యాక వాకిట్లోనే నిలబడవలసి వచ్చింది. లోపలివారిలోనూ అందరికీ ఒకే చోటు లేదు. భర్త పోయిన పిల్ల పదేళ్ళకే వెనుక గదికి చేరి అక్కడే ముసలిదైపోయిన ఇళ్ళెన్నో. సరిగా అటువంటి ఇంటి నుంచే, అటువంటి గదుల నడుమ నుంచే వీరేశలింగం తిరగబడ్డాడు. ఆ గదులు, గడపలు కళ్ళెదుట ఉంటేనే ఆయన ఎంత పని చేశాడో రేపటి పిల్లలకు అర్థమవుతుంది. ఇల్లు పాపిష్టిదని కూల్చేస్తే సాక్ష్యం పోతుంది గాని పాపం పోదు. ఇళ్ళను కాపాడమంటే ఆనాటి కట్టుబాట్లను కాపాడమని కాదు.

వాళ్ళ కష్టమూ ఉన్నది

ఇల్లుగలవారిని దోషులుగా నిలబెట్టడం తేలిక. పట్నంలో కూర్చున్నవారు ఆ పని తరచు చేస్తుంటారు. ఆ ఇంట్లో ఉండేవారి పాట్లు చూస్తే మాట మారుతుంది.

అన్నదమ్ముల పంపకాలలో ఇల్లు ముక్కలైంది. ఒకరికి వీధి సావడి, ఒకరికి వంటిల్లు, మండువా అందరిదీ. అందరిదైన దానికి పెంకు వేయించేది ఎవరు? ఒక కొడుకు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో. ఇంట్లో ఉన్నది డెబ్బై ఏళ్ళ తల్లి ఒక్కతె. కోతుల మంద వచ్చి పోయిన ప్రతిసారీ నాలుగు పెంకులు పగులుతాయి. ఎక్కి సర్దే మనిషి దొరకడు, దొరికితే కూలి తక్కువ కాదు. రెండు వాలులు కలిసే మూలలో కారడం మొదలవుతుంది. ఆమె కింద గిన్నె పెడుతుంది. రెండో ఏడాది రెండు గిన్నెలు. స్నానాల గది పెరటి చివర. రాత్రి పూట వానలో, మోకాళ్ళ నొప్పులతో ఆమె అక్కడికి వెళ్ళాలి. వాస్తు చెప్పేవాడొకడు వచ్చి దోషం ఉన్నదంటాడు. కలప వ్యాపారి వచ్చి రొక్కం చూపిస్తాడు. ఇన్ని జరిగాక ఆ ఇల్లు కూలిందంటే ఆ తల్లిని అని లాభం లేదు.

పక్కా ఇల్లు కావాలని అందరి కోరిక. ఈ మాటకు అర్థమే తారుమారైంది. హిందీలో పక్కా అంటే కాలినది, పండినది. కాల్చిన ఇటుక ఇంటికి వచ్చిన పేరు అది. ఇప్పుడు కాల్చిన ఇటుక ఇంట్లో ఉన్నవారే పక్కా ఇల్లు లేదని చిన్నబుచ్చుకుంటున్నారు.

పైగా ఈ కష్టాలలో చాలావాటికి కూల్చడం ఒక్కటే మందు కాదు. పెరటి వసారాలో చెమ్మ గోడకు తగలకుండా స్నానాల గది కట్టుకోవచ్చు. కారే మూలకు తగరపు కాలువ మార్పిస్తే ఏళ్ళ తరబడి చూసుకోనక్కరలేదు. చెద పట్టిన దూలం కొనను కోసి మంచి చెక్క అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఇల్లంతా కూల్చి కట్టే ఖర్చుతో పోల్చితే ఇవి లెక్కలోనివి కావు. లోటు ఎక్కడంటే, చేసి చూపించేవాడు లేడు.

చేయవలసినవారు ఎందరో

రాష్ట్రంలో 1960 నాటి పురాతన కట్టడాల చట్టం ఉన్నది. దాని కింద ప్రకటించిన కట్టడానికే రక్షణ. పల్లెటూరి గృహస్థు ఇల్లు ఆ జాబితాకెక్కే ఆశ లేదు, ఎక్కాలని అడగడమూ సబబు కాదు. కాపురం ఉన్న ఇంటికి బోర్డు తగిలించి మేకు కొట్టవద్దంటే ఎవరు ఒప్పుకుంటారు? 1984లో ఏర్పడిన ఇంటాక్ వంటి సంస్థ దేశంలో పాత కట్టడాల జాబితాలు తయారు చేస్తూ వస్తున్నది. ఆ పని గ్రామాల దాకా దిగాలి. అంతకన్నా ముందు గ్రామ పంచాయతీ తన ఊళ్ళో ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవచ్చు. ఉన్నత పాఠశాల పిల్లలను పంపితే రెండు ఆదివారాల పని. ఇంటి కొలతలు, గుమ్మాల ఫొటోలు, ముసలివారు చెప్పిన సంగతులు ఒక పుస్తకంలోకి ఎక్కితే, రేపు ఇల్లు పోయినా అది ఎలా ఉండేదో ఊరికి తెలుస్తుంది.

జిల్లాలోని పాలిటెక్నిక్కులలో, ఐ.టి.ఐ.లలో తాపీ పని, కట్టడపు పని నేర్పుతున్నారు. అందులో సున్నపు పని ఒక పాఠంగానైనా పెట్టాలి. సున్నపు గానుగ ఎరిగిన మేస్త్రీలు ఇప్పటికే వృద్ధులు. వారి చేతిలోని విద్య మరొకరి చేతికి అందడానికి ఎంతో కాలం మిగిలి లేదు. తమిళనాడులో చెట్టినాడు ఇళ్ళలో కొన్నింటిని యాత్రికుల బసలుగా మార్చి, ఆ రాబడితో ఇంటిని నిలుపుకుంటున్నారు. కోనసీమకు వచ్చేవారికి కొదవ లేదు. సినిమావారు ఈ ఇళ్ళను వెతుక్కుంటూ వస్తున్నారు. షూటింగు చూడటానికి ఊరంతా కదులుతుంది. అదే ఇంటి గోడ మరుసటి వానకు ఒరిగితే అటు చూసే దిక్కు లేదు.

చెట్టినాడు మాట తెచ్చినందుకు మరొకటి చెప్పాలి. అక్కడా అన్ని ఇళ్ళూ నిలవలేదు. కారైకుడిలో పాత ఇళ్ళ స్తంభాలు, తలుపులు అమ్మే అంగళ్ళకు ఒక వీధే ఉన్నది. కోనసీమ గుమ్మాలు ఎవరి ఇంటి ముందు గదిలోనో, ఏ హోటలు గోడకో చేరుతున్నాయి. ఇల్లు లేని గుమ్మం చూడటానికి బాగానే ఉంటుంది. దానిలోంచి ఎక్కడికీ వెళ్ళలేము, అంతే.

కూల్చక తప్పనివారు కూడా ఒక పని చేయవచ్చు. ఇటుకను పూడికకు తోలకుండా విడదీయించి దాచుకోవాలి. సున్నం, అడుసు మీద కట్టిన ఇటుక సిమెంటు గోడలోని ఇటుక లాగా పగలదు, దులిపితే ఊడివస్తుంది. పెరటి ప్రహరీకి, కొత్త ఇంటి అరుగుకు పనికి వస్తుంది. పక్క ఊళ్ళో పాత ఇల్లు బాగుచేసుకునేవారికి అటువంటి పలచని ఇటుక బంగారంతో సమానం, కొత్తగా కోసేవారు లేరు గనుక. లంక భూముల మట్టి బట్టీలకు తరలిపోతున్నదని ఒక పక్క గగ్గోలు పెడుతూ, కాలి సిద్ధంగా ఉన్న ఇటుకను గోతుల్లో పోయడం ఏమి తెలివో.

పూత బాగుచేయించాలనుకునేవారు మేస్త్రీని పిలిచినప్పుడు మొదట అడగవలసినది ధర కాదు, సున్నపు పని వచ్చునా అని. రాకపోతే పూత రాలినట్టే ఉండనివ్వడం మేలు. పూత లేని గోడ చూడటానికి అందంగా ఉండకపోవచ్చు గాని గాలి పీల్చుకుంటూ ఉంటుంది. వెల్ల వేయించేవారు సీసాల రంగులకు బదులు సున్నమే వేయించుకోవాలి. చూరు నీరు గోడ మొదట్లో పడకుండా రెండడుగుల దూరంలో చిన్న కాలువ తీసుకోవాలి. ఈ పనికి పలుగూ పారా చాలు.

మృగశిర కార్తె ప్రవేశించేలోగా పెంకు నేత పూర్తి కావాలి. పెంకు నేసే పనివాళ్ళు మండలానికి నలుగురైదుగురు మిగిలారు. వారికి ఉగాదికే కబురు పెట్టి ఉంచుకోకపోతే వానలకు ముందు దొరకడం లేదు.